28 రోజుల అంకె చెప్పని సంగతి

సిమెంట్ మీద పరిశోధన మొదలుపెట్టిన కొత్తలో నేనొక లెక్క వేసుకున్నాను. నా ముందున్న సిమెంట్‌లో క్లింకర్, అంటే సున్నపురాయినీ మట్టినీ బట్టీలో కాల్చి చేసే, మామూలు సిమెంట్‌కి అసలు సరుకైన పదార్థం, సగమే. మిగతా సగంలో కాల్చిన బంకమట్టి 30 శాతం, కాల్చని సున్నపురాయి పొడి 15 శాతం, జిప్సం 5 శాతం. క్లింకర్ సగానికి తగ్గినప్పుడు బలం ఎంత తగ్గాలి?

1940ల్లో టి.సి. పవర్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రం ఒకటుంది. సిమెంట్ నీళ్లతో కలిసినప్పుడు జెల్ లాంటి పదార్థం పుడుతుంది. తనకు దొరికిన చోటులో ఎంత భాగాన్ని ఆ జెల్ నింపిందో చూసి, ఆ నిష్పత్తిని ఘనం చేస్తే సిమెంట్ ముద్ద బలం ఎంతుంటుందో అంచనా వస్తుంది. మామూలు సిమెంట్ తీసుకుని, దాని బరువులో సగం నీళ్లు పోసి, 80 శాతం సిమెంట్ నీటితో కలిసిపోయిందనుకుందాం. ఇప్పుడు ఆ సిమెంట్‌లో సగం తీసేసి, దాని బదులు ఏ పనీ చెయ్యని రాతిపొడి వేద్దాం. మిగిలిన క్లింకర్‌కి నీళ్లు ధారాళంగా దొరుకుతాయి కాబట్టి దాంట్లో 95 శాతం కరిగి జెల్ అయిందని ఉదారంగానే ఒప్పుకుందాం. అయినా ఈ రెండో ముద్ద బలం మొదటిదాంట్లో మూడో వంతు దగ్గర ఆగిపోతుంది.

సిమెంట్ బలం కొలిచే ఆనవాయితీ ప్రకారం 28వ రోజు ఆ సిమెంట్ దిమ్మెల్ని నొక్కి విరిచే ప్రెస్ కింద పెట్టాం. మూడో వంతు దగ్గర విరగలేదు. మామూలు సిమెంట్ దిమ్మెలకు దరిదాపుల్లో విరిగాయి.

అందరూ సంతోషపడ్డారు. నేనూ పడ్డాను. కానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది. మూడో వంతు రావాల్సిన చోట దాదాపు పూర్తి బలం వచ్చిందంటే, లోపల జరిగింది మామూలు సిమెంట్‌లో జరిగేది కాదు. దారి వేరైనప్పుడు చేరిన చోటు ఒకటేనని ఒక్క అంకెను చూసి ఎలా నమ్మాలి?

అప్పటి నుంచి నా పనంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఇన్నేళ్ల తర్వాత నేను గట్టిగా చెప్పగలిగేది ఇది: తక్కువ కార్బన్ సిమెంట్‌ను 28 రోజుల బలం చూసి ఒప్పుకోవడం ఎంత తప్పో, అదే అంకె చూసి తోసిపుచ్చడం కూడా అంతే తప్పు. ఆ సిమెంట్ ఎలాంటిదో తెలియాలంటే దాని లోపలి నిర్మాణం చూడాలి.

ముందు, క్లింకర్‌ని తగ్గించడం ఎందుకో చెప్పాలి. ప్రపంచం ఏటా సుమారు 400 కోట్ల టన్నుల సిమెంట్ తయారుచేస్తోంది. మనుషుల పనుల వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్‌లో 7–8 శాతం ఈ ఒక్క వస్తువు వాటా. చాలామంది అనుకునేది, బట్టీలో బొగ్గు కాలుస్తారు కాబట్టి ఆ పొగ వస్తుందని, బొగ్గు మానేస్తే సరిపోతుందని. అసలు చిక్కు రాయిలోనే ఉంది. 100 కిలోల స్వచ్ఛమైన సున్నపురాయిని కాలిస్తే 44 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఎగిరిపోతుంది, 56 కిలోల సున్నం మిగులుతుంది. క్లింకర్‌లో దాదాపు 65 శాతం సున్నమే. అంటే టన్ను క్లింకర్ చేస్తే కేవలం రాయి విడిపోవడం వల్లే 500 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. 1450 డిగ్రీల వేడి కోసం కాల్చే ఇంధనం కూడా కలిపితే 800 కిలోలు దాటుతుంది. బట్టీని ఎంత శుభ్రమైన కరెంటుతో నడిపినా మొదటి 500 కిలోలు తగ్గవు.

బంకమట్టి సంగతి వేరు. కయోలినైట్ అనే ఖనిజం ఉన్న మట్టిని 700–850 డిగ్రీల మధ్య కాలిస్తే ఆ ఖనిజం బరువులో సుమారు 14 శాతం పోతుంది, పోయేది నీటి ఆవిరి. నీరు పోగానే దాని స్ఫటిక నిర్మాణం చెదిరిపోయి, అల్యూమినా, సిలికా సున్నంతో కలవడానికి సిద్ధంగా ఉంటాయి. వేడి మరీ పెంచితే మాత్రం పరమాణువులు మళ్లీ కొత్త స్ఫటికాలుగా కూడి, మట్టి మొద్దుబారిపోతుంది. ఆ మధ్యలో ఉన్న వేడిని పట్టుకోవడంలోనే నేర్పంతా ఉంది.

ఈ మట్టి, సున్నపురాయి, క్లింకర్ కలిపిన సిమెంట్‌ను ఎల్‌సీ3 (లైమ్‌స్టోన్ కాల్సిన్డ్ క్లే సిమెంట్) అంటారు. స్విట్జర్లాండ్‌లో కరెన్ స్క్రివెనర్ బృందం, క్యూబాలో ఫెర్నాండో మార్టిరేనా బృందం, ఇండియాలో ఐఐటీల పరిశోధకులు కలిసి దీన్ని ముందుకు తెచ్చారు. మామూలు సిమెంట్‌తో పోలిస్తే కార్బన్ డయాక్సైడ్ 30–40 శాతం తగ్గుతుంది. దారులు ఇంకా ఉన్నాయి. బొగ్గు కరెంటు కేంద్రాల బూడిద అయిన ఫ్లై యాష్, ఉక్కు కర్మాగారాల స్లాగ్ చాలాకాలంగా వాడుతున్నవే, కానీ బొగ్గు కరెంటు తగ్గేకొద్దీ ఫ్లై యాష్ తగ్గుతుంది, స్లాగ్ ప్రపంచ అవసరంలో చిన్న భాగానికే చాలుతుంది. క్లింకర్ లేకుండా క్షారాలతో గట్టిపరిచే పద్ధతి మీద 1950ల్లోనే కీవ్‌లో గ్లుఖోవ్‌స్కీ పనిచేశాడు. అది ఇంకో పెద్ద కథ. నేను చేతులు పెట్టి పనిచేసింది మట్టి సిమెంట్ మీద కాబట్టి దాని గురించే రాస్తాను.

లోపల ఏముంది

గట్టిపడిన సిమెంట్‌ని పలుచగా కోసి, ఎపాక్సీ పట్టించి, అద్దంలా మెరిసేదాకా నునుపు చేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడితే బూడిదరంగు దృశ్యం ఒకటి కనిపిస్తుంది. బరువైన పరమాణువులున్న చోటు తెల్లగా, తేలికైనవి ఉన్న చోటు ముదురుగా. ఇంకా కరగని క్లింకర్ రేణువులు అన్నిటికన్నా తెల్లగా మెరుస్తాయి. వాటి తర్వాత లేత బూడిదరంగులో పోర్ట్‌లాండైట్, అంటే కాల్షియం హైడ్రాక్సైడ్. ఆ తర్వాత ముదురు బూడిదరంగులో సి–ఎస్–హెచ్, అంటే కాల్షియం, సిలికా, నీరు కలిసిన జెల్, సిమెంట్‌ని పట్టి ఉంచే అసలు జిగురు. మిగిలిన నల్లటి మచ్చలు ఖాళీలు.

మామూలు సిమెంట్ చిత్రాలు చూసి చూసి అలవాటుపడ్డ కళ్లకు ఎల్‌సీ3 చిత్రం మొదట కొత్తగా ఉంటుంది. తెల్ల రేణువులు తక్కువ. మామూలు సిమెంట్ ముద్ద పరిమాణంలో 20–25 శాతం దాకా ఉండే పోర్ట్‌లాండైట్ ఇక్కడ వెతికితే గానీ దొరకదు. నల్లటి మచ్చలు కూడా తక్కువే. తీసేసిన క్లింకర్ చోటు ఎక్కడికి పోయిందో అర్థంకాక ఆ చిత్రాన్ని నేను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

జవాబు రసాయనంలో ఉంది. కాలిన మట్టి పోర్ట్‌లాండైట్‌ని తినేసి మరింత జెల్ తయారుచేస్తుంది. ఈ జెల్‌లో సిలికా ఉండాల్సిన కొన్ని చోట్ల అల్యూమినా కూర్చుంటుంది. అది ఒక సంగతి. నాకు అంతకన్నా అందంగా కనిపించేది సున్నపురాయి చేసే పని. ఒంటరిగా ఉంటే సున్నపురాయి పొడి పెద్దగా చర్యలో పాల్గొనదు. తన ఉపరితలం మీద జెల్ మొలకెత్తడానికి చోటిచ్చి, రేణువుల మధ్య సందులు పూడ్చి ఊరుకుంటుంది. పక్కన అల్యూమినా దొరికితే మాత్రం దాంట్లో కొంత భాగం కరిగి కార్బోఅల్యూమినేట్ స్ఫటికాలుగా మారుతుంది. మామూలు సిమెంట్‌లో అల్యూమినేట్‌లు కొన్నాళ్ల తర్వాత ఎట్రింగైట్ (అల్యూమినా, జిప్సంలోని సల్ఫేట్, సున్నం, నీరు కలిసిన స్ఫటికం) నుంచి సల్ఫేట్‌ని లాక్కుని దాన్ని కరిగించేస్తాయి. ఇక్కడ వాటికి కార్బొనేట్ దొరికింది కాబట్టి ఎట్రింగైట్ జోలికి పోవు.

ఎట్రింగైట్ మిగలడం ఎందుకంత ముఖ్యం? దాని ఒక్కో ఫార్ములాలో 32 నీటి అణువులు ఉంటాయి. బరువు తక్కువ, ఆక్రమించే చోటు ఎక్కువ. నీళ్లుండే ఖాళీని ఘనపదార్థంగా మార్చడమే సిమెంట్ పని అనుకుంటే, ఆ పని ఇంత పొదుపుగా చేసే స్ఫటికం అరుదు. నా మొదటి లెక్క తప్పింది ఇక్కడే. మట్టినీ సున్నపురాయినీ ఏ పనీ చెయ్యని రాతిపొడి కింద లెక్కేశాను. అవి రెండూ ఒకదానికొకటి పని కల్పించుకున్నాయి.

మట్టి గురించి ఇక్కడే ఒక మాట. బంకమట్టి అయితే చాలు అనుకోకూడదు. కయోలినైట్ కనీసం 40 శాతం ఉన్న మట్టి అయితే వారం రోజులకే మామూలు సిమెంట్ బలానికి దగ్గరవుతుంది. పింగాణీకి వాడే తెల్లని స్వచ్ఛమైన మట్టి అవసరం లేదు, ఎర్రమట్టి కూడా పనికొస్తుంది. రంగు చూసి మట్టిని వద్దనేవాళ్లను చాలామందిని చూశాను. ఇనుము వల్ల వచ్చే రంగుకీ బలానికీ సంబంధం లేదు.

ఇక ఖాళీల సంగతి. మామూలు సిమెంట్ ముద్దలో నీళ్లు వదిలేసి వెళ్లిన దారులు వారాలు గడిచేకొద్దీ మెల్లగా మూసుకుంటాయి. ఎల్‌సీ3లో మంచి మట్టి పడితే మొదటి వారంలోనే ఆ దారుల ముఖద్వారాలు 10 నానోమీటర్ల దరిదాపులకు ఇరుకైపోతాయి. ఆశ్చర్యమేమిటంటే మొత్తం ఖాళీ చోటు అంత తగ్గకపోవచ్చు. దారులు మాత్రం సన్నబడి, ఒకదానికొకటి కలవడం మానేస్తాయి. అంతేకాదు, అంత ఇరుకు చోట్లో కొత్త స్ఫటికం పెరగాలంటే ద్రావణం చాలా గాఢంగా ఉండాలి. అందుకే కొంత దూరం వెళ్లాక క్లింకర్ ఇంకా మిగిలి ఉన్నా, నీళ్లు ఉన్నా, చర్య బాగా నెమ్మదిస్తుంది. 7 రోజుల నుంచి 28 రోజుల మధ్య బలం మామూలు సిమెంట్‌లో పెరిగినంతగా ఇందులో పెరగకపోవడానికి ఇదొక కారణం. మైక్రోస్కోప్‌లో కనిపించే ఆ తెల్లటి రేణువులు సోమరితనంతో మిగిలిపోయినవి కావు, పెరగడానికి చోటు లేక ఆగినవి.

బలం చూడలేనిది

ఇప్పుడు ప్రెస్ దగ్గరికి వద్దాం. యూరప్ ప్రామాణిక పరీక్ష ఇలా ఉంటుంది: 450 గ్రాముల సిమెంట్, 1350 గ్రాముల ఇసుక, 225 గ్రాముల నీళ్లు. 40 మిల్లీమీటర్ల మందం, 160 మిల్లీమీటర్ల పొడవున్న మూడు దిమ్మెలు పోసి, నీళ్ల తొట్టిలో 20 డిగ్రీల దగ్గర ఉంచి, 28వ రోజు ముందు వంచి విరుస్తాం, తర్వాత ముక్కల్ని నొక్కి పగలగొడతాం. నిమిషం లోపే అయిపోతుంది. ఆ నిమిషంలో వచ్చిన అంకెను పట్టుకుని దశాబ్దాలు నిలబడాల్సిన వస్తువు భవిష్యత్తు తేలుస్తాం.

ఆ అంకె అబద్ధమని నేననడం లేదు. అది అడిగిన ప్రశ్నకు నిజమే చెబుతుంది. నొక్కినప్పుడు పదార్థం ఎంత ఘనంగా నింపి ఉందో, పెద్ద పగుళ్లు ఎన్ని ఉన్నాయో దాంట్లో తెలుస్తుంది. ఆ ఖాళీలు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయా, విడివిడిగా ఉన్నాయా అన్నది దానికి పెద్దగా తెలియదు. ఉప్పునీటికి మాత్రం తెలుసు. క్లోరైడ్ అయాన్లు లోపలి ఇనుప కడ్డీ దాకా వెళ్లాలంటే కలిసి ఉన్న దారి కావాలి. ఒకే బలం ఉన్న మామూలు సిమెంట్ కాంక్రీట్‌నీ ఎల్‌సీ3 కాంక్రీట్‌నీ పక్కపక్కన పెట్టి క్లోరైడ్ పరీక్ష చేస్తే, రెండోదాంట్లో క్లోరైడ్ చాలా తక్కువ లోతుకు వెళ్తుంది. 28 రోజుల అంకెలో ఈ తేడా ఎక్కడా లేదు. సముద్రం ఒడ్డున వంతెన కట్టేవాళ్లకు ఆ అంకె కన్నా ఈ తేడాయే పనికొచ్చేది.

బలంలోనే రకాలున్నాయని కూడా మర్చిపోతుంటాం. నొక్కితే తట్టుకునేదాంట్లో సుమారు పదో వంతే లాగితే తట్టుకుంటుంది సిమెంట్. లాగినప్పుడు, వంచినప్పుడు మొత్తం ఖాళీ కన్నా అతిపెద్ద లోపం ఎక్కడుందన్నది ఎక్కువ లెక్కలోకి వస్తుంది. 1980ల మొదట్లో ఇంగ్లండ్‌లో బర్చల్, హోవార్డ్, కెండాల్ అనే ముగ్గురు, నీటిలో కరిగే పాలిమర్ కలిపి, రోలర్ల మధ్య పిసికి, పెద్ద ఖాళీలు లేని సిమెంట్ చేశారు. దాంతో స్ప్రింగ్ కూడా చుట్టి చూపించారు. అంత వంపు బలం పాలిమర్ వల్ల వచ్చిందా, పెద్ద ఖాళీలు పోవడం వల్ల వచ్చిందా అని తర్వాత చాలా వాదన జరిగింది. పైగా అది తడిస్తే బలహీనపడేది. అయినా ఆ పని ఒక సంగతిని అందరి ముందుకు తెచ్చింది: ఖాళీ ఎంత అనే ప్రశ్నతో పాటు, ఖాళీ ఎంత పెద్దది అని కూడా అడగాలి.

మరోవైపు గట్టిదనం, అంటే సాగే గుణకం సంగతి చూడండి. నానో సూదితో జెల్‌ని గుచ్చి కొలిస్తే వదులుగా అల్లుకున్న జెల్ సుమారు 22 గిగాపాస్కల్‌లు, బిగుతుగా అల్లుకున్నది సుమారు 29 గిగాపాస్కల్‌లు చూపుతాయని 2004లో కాన్‌స్టాంటినైడిస్, ఉల్మ్ ప్రచురించారు. కాంక్రీట్ స్థాయికి వచ్చేసరికి పరిమాణంలో ఎక్కువ భాగం కంకర, ఇసుకే కాబట్టి సిమెంట్ మారినా ఈ గుణం పెద్దగా కదలదు. దీని గురించి నేను ఎక్కువ టెన్షన్ పడను.

టెన్షన్ పడేది క్యూరింగ్ గురించి, అంటే పోసిన కాంక్రీట్‌ని కొన్నాళ్లు తడిగా ఉంచడం గురించి. పరీక్ష దిమ్మె 28 రోజులూ నీళ్లలో హాయిగా ఉంటుంది. కట్టిన గోడకి, స్తంభానికి ఆ అదృష్టం ఉండదు. మట్టి, ఫ్లై యాష్, స్లాగ్ కలిసిన సిమెంట్లకు నీళ్లు ఎక్కువ రోజులు కావాలి. క్లింకర్ ముందు పోర్ట్‌లాండైట్ ఇవ్వాలి, తర్వాతే మిగతావి దాన్ని తీసుకుని జెల్ చెయ్యాలి. మధ్యలో పైపొర ఆరిపోతే ఆ రెండో పని అక్కడే ఆగుతుంది. లోపలి భాగం బాగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడి తేమ బయటికి పోదు. చెడేది పైన ఉన్న కొన్ని సెంటీమీటర్లు. ఇనుప కడ్డీని కాపాడేది సరిగ్గా ఆ కొన్ని సెంటీమీటర్లే. అంటే మనం పరీక్షించే దిమ్మె కాంక్రీట్‌లో అన్నిటికన్నా సుఖంగా ఉన్న భాగానికి ప్రతినిధి. అన్నిటికన్నా కష్టపడే భాగం తరఫున మాట్లాడేది ఏదీ లేదు.

తక్కువ కార్బన్ సిమెంట్ వైపు ఉన్న మేము కూడా ఒప్పుకోవాల్సినవి

ఇక్కడిదాకా చదివినవాళ్లకు నేను ఎల్‌సీ3కి ప్రచారం చేస్తున్నట్టు అనిపించవచ్చు. దాని మేలు కోరేవాణ్ని కాబట్టే దాని బలహీనత నేనే చెప్పాలి. పోర్ట్‌లాండైట్‌ని తినేసి బలం తెచ్చుకున్న సిమెంట్‌కి క్షారపు నిల్వ తక్కువ. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ మెల్లగా లోపలికి వచ్చి ఆ నిల్వను ఖర్చుచేస్తుంది. రంధ్రాల్లోని నీటి పీహెచ్ 13 నుంచి 9 కిందికి దిగితే ఇనుము మీదున్న రక్షణ పొర పోతుంది. ఒకే బలం ఉన్న మామూలు కాంక్రీట్ కన్నా ఎల్‌సీ3లో ఈ కార్బొనేషన్ వేగంగా లోపలికి వెళ్తుంది. సన్నని రంధ్రాలు కొంత అడ్డుకుంటాయి గానీ పూర్తిగా కాదు. ఈ నష్టం కూడా 28 రోజుల అంకెలో లేదు. ఉప్పునీటి లాభం ఎలా కనిపించలేదో ఇదీ అలాగే కనిపించదు.

దీన్ని కొలిచే తీరు గురించి కూడా నాకు ఫిర్యాదుంది. మామూలు గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 0.04 శాతం. ఏళ్ల తరబడి ఆగలేం కాబట్టి పెట్టెలో 1 శాతం, 4 శాతం గాఢతతో పరీక్ష చేస్తాం. నాలుగు శాతమంటే సహజం కన్నా వంద రెట్లు. అంత గాఢతలో జరిగే మార్పులు బయట జరిగేవాటి వేగవంతమైన నకలు మాత్రమే కావు. జెల్ విడిపోయే తీరు, విడుదలైన నీరు రంధ్రాల్లో నిలిచే తీరు మారతాయి. పెట్టె ఫలితం చూసి మంచి సిమెంట్‌ను భయపడి పక్కన పెట్టడం, బయట ఏమవుతుందో చూడకుండా ధీమా పడటం, రెండూ జరుగుతున్నాయి.

మరో సంగతి. సంచి మీద క్లింకర్ శాతం తక్కువ రాసి ఉంటే చాలు, పర్యావరణానికి మేలు జరిగినట్టే మాట్లాడటం నాకు కోపం తెప్పిస్తుంది. క్లింకర్ తగ్గించి, బలం తగ్గిందని ఘనమీటరుకి మరికొంత సిమెంట్ కలిపితే మిగిలిందేమిటి? కాల్చిన మట్టి రేణువులు పలకల్లా ఉండి నీటిని బాగా పట్టుకుంటాయి. ముద్ద బిగుసుకుపోయి పోయడం కష్టమైతే పని దగ్గర బక్కెట్ నీళ్లు కుమ్మరిస్తారు. పవర్స్ సూత్రంలో ఆ నీళ్ల ధర ఘనంతో పడుతుంది. నీళ్లు పెంచకుండానే ముద్దను జారేలా చేసే మంచి ప్లాస్టిసైజర్ వాడి, నీళ్లను అదుపులో పెట్టి, వచ్చిన ఒక్కో మెగాపాస్కల్ బలానికి ఎంత కార్బన్ ఖర్చయిందో చూడాలి. కాంక్రీట్ బతికిన ఒక్కో ఏడాదికి ఎంత ఖర్చయిందో చూడగలిగితే ఇంకా మంచిది.

సూక్ష్మ నిర్మాణం చూడమని ఇంత చెప్పాను కాబట్టి, చూసే పనిలో నేను చేసిన పెద్ద తప్పు కూడా రాయాలి. మొదటి ఏడాది నా ఎల్‌సీ3 నమూనాల ఎక్స్‌రే చిత్రాల్లో ఎట్రింగైట్ గుర్తులు రాలేదు. సున్నపురాయి ఎట్రింగైట్‌ని కాపాడుతుందన్న మాట నా మట్టి విషయంలో వర్తించదని అనుకున్నాను. దాని మీద ఒక సిద్ధాంతం కూడా అల్లుకుని నాలుగు నెలలు దాని వెంట తిరిగాను. ప్రయోగశాలలో ఎప్పటినుంచో ఉన్న అలవాటు ప్రకారం నమూనాలను 105 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టేవాణ్ని. ఎట్రింగైట్ అంత వేడికి తన నీటిని వదిలేసి స్ఫటికంగా నిలవదు. నేను వెతికినదాన్ని వెతకడానికి ముందే నేనే నాశనం చేశాను. ఐసోప్రొపనాల్‌లో నానబెట్టి నీటిని మెల్లగా బయటికి రప్పించి, తక్కువ వేడిలో ఆరబెట్టాక అదే ముద్దలో ఎట్రింగైట్ స్పష్టంగా కనిపించింది. ఆ నాలుగు నెలల కాగితాలు ఇప్పటికీ దాచుకున్నాను. కొత్తగా చేరే ప్రతి విద్యార్థికీ ముందు అవే చూపిస్తాను.

పాదరసంతో రంధ్రాలు కొలవడంలోనూ ఇలాంటి ఉచ్చు ఉంది. ఒత్తిడి పెంచేకొద్దీ పాదరసం ఎంతెంత సన్నని రంధ్రంలోకి దూరుతుందో 1921లో వాష్‌బర్న్ ఇచ్చిన సమీకరణంతో లెక్కిస్తాం. మెడ ఇరుకుగా, పొట్ట పెద్దదిగా ఉన్న కూజాను ఊహించుకోండి. పాదరసం మెడ దాటాలంటే మెడకు తగ్గ ఒత్తిడి కావాలి. దాటగానే పొట్టంతా నిండుతుంది. యంత్రం మాత్రం ఆ పొట్టంతటినీ మెడ సైజు రంధ్రాల కింద లెక్క రాస్తుంది. సిడ్నీ డైమండ్ 2000లో ఈ పద్ధతి రంధ్రాల పరిమాణాలు కొలవడానికి పనికిరాదని సూటిగానే రాశాడు. ఆయన చెప్పింది నిజం. అయినా నేను ఆ యంత్రం వాడుతూనే ఉన్నాను, ఎందుకంటే నాకు కావాల్సింది చాలాసార్లు ఆ మెడే. ఉప్పు దాటాల్సింది కూడా ఆ మెడనే కదా. యంత్రం చెప్పేది దేని గురించో తెలిసి వాడితే అది స్నేహితుడు.

"ఇవన్నీ ప్రయోగశాల ముచ్చట్లు, పని దగ్గర ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ పెడతామా?" అని ఒక అనుభవజ్ఞుడైన ఇంజనీరు నన్ను అడిగారు. గౌరవంతోనే చెబుతాను, ఈ ప్రశ్నకు జవాబు ఉంది. మైక్రోస్కోప్ ప్రతి చోటా అక్కర్లేదు. అది నేర్పిన పాఠాన్ని పట్టుకునే సులువైన పరీక్షలు చాలు. కాంక్రీట్ విద్యుత్ నిరోధకతను కొన్ని నిమిషాల్లో, నమూనా పాడుచెయ్యకుండా కొలవచ్చు. రంధ్రాల్లోని ద్రావణం మారితే ఆ అంకె కూడా మారుతుంది కాబట్టి వేర్వేరు సిమెంట్లను దాంతో నేరుగా పోల్చేటప్పుడు జాగ్రత్త కావాలి. ఒకే మిశ్రమం రోజురోజుకీ ఎలా బిగుస్తోందో చూడటానికి మాత్రం చాలా మంచిది. మట్టి ఎంత చురుకైనదో తెలుసుకోవడానికి, దాన్ని పోర్ట్‌లాండైట్‌తో కలిపి 40 డిగ్రీల దగ్గర వారం లోపు పుట్టే వేడిని కొలిచే పరీక్షకు 2020లో అమెరికన్ ప్రమాణం కూడా వచ్చింది. దిమ్మెల్లో కొన్నిటిని 28 రోజులు నీళ్లలో, కొన్నిటిని మూడు రోజులే నీళ్లలో ఉంచి మిగతా రోజులు గాలిలో పెట్టి రెండు అంకెలూ రాయడానికి అదనపు యంత్రమేదీ అక్కర్లేదు, ఓపిక కావాలంతే. ఆ రెండిటి మధ్య తేడా ఎంత పెద్దదైతే ఆ సిమెంట్‌కి క్యూరింగ్ అంత ముఖ్యం.

ఆ ఇంజనీరు ఇంకో మాట కూడా అన్నారు, అది నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. ఒక్క అంకె ఉంటే తప్పు ఎవరిదో తేలుతుంది, నాలుగు అంకెలుంటే ఎవరూ బాధ్యత తీసుకోరు అన్నారు. నేను దాన్ని తేలిగ్గా తీసిపారెయ్యను. అందుకే అన్ని చోట్లా అన్ని పరీక్షలూ అడగడం లేదు. ఉప్పుగాలి తగిలే చోట క్లోరైడ్ అంకె, తడిసి ఆరుతూ ఉండే గోడకి కార్బొనేషన్ అంకె, ఇనుము లేని పునాది దిమ్మెకి బలం ఒక్కటే. ఇంట్లోపలి పొడి గోడలో కార్బొనేషన్ ఎంత లోతుకెళ్లినా తేమ లేకపోతే ఇనుము తుప్పు పట్టడం చాలా నెమ్మది. ఆ చోట దాని పేరు చెప్పి తక్కువ కార్బన్ సిమెంట్‌ను వద్దనడం అన్యాయం. 90 రోజులకు బలం అందుకునే మిశ్రమాన్ని, దాని మీద భారం పడేదే ఏడాది తర్వాత అయినప్పుడు, 28 రోజులకు చాల్లేదని పారెయ్యడం కూడా అలాంటిదే. ఆ పారేసినదాని బదులు వాడే క్లింకర్ ప్రతి టన్నుకీ 800 కిలోల పొగ వస్తుందని ఎవరూ ఆ రిపోర్టులో రాయరు.

మా ప్రయోగశాల మేడ మీద, వాన పడని చోట ఒక అర ఉంది. దాని మీద ఒకే మిశ్రమంతో పోసిన రెండు వరుసల దిమ్మెలున్నాయి. ఒక వరుసకి మూడు రోజులు నీళ్లు పట్టాం, ఇంకో వరుసకి 28 రోజులు. పెట్టె లేదు, అదనపు గ్యాస్ లేదు, మామూలు గాలి. ఆరు నెలలకోసారి ఒక్కో దిమ్మె చివర కొంత ముక్క చీల్చి, తాజా ముఖం మీద ఫినాఫ్తలీన్ చల్లుతాం. క్షారం మిగిలిన చోట గులాబీ రంగు వస్తుంది, పోయిన చోట రంగు రాదు. పోయినసారి చీల్చినప్పుడు రెండు వరుసల్లోనూ అంచున రంగులేని పట్టీ కనిపించింది. మూడు రోజుల వరుసలో అది కంటికే వెడల్పుగా ఉంది, రెండోదాంట్లో స్కేలు పెట్టి చూడాల్సి వచ్చింది. ఈ రెండు వరుసల్నీ పోసింది ఒకే సంచిలోని సిమెంట్‌తో, ఒకే రోజున. ఆ సంచికి ప్రెస్ ఇచ్చిన 28 రోజుల అంకె ఒక్కటే.